భృగువు మళ్లీ అడగలేదు

పరమానందయ్య శిష్యులు ఏరు దాటిన కథ వినని తెలుగువాళ్లు అరుదు. గట్టెక్కాక, అందరం ఉన్నామో లేదో చూసుకుందామని ఒకడు లెక్కపెడతాడు. ఒకడు తక్కువ. ఇంకొకడు లెక్కపెడతాడు. మళ్లీ ఒకడు తక్కువే. ఎవడికి వాడు తనను వదిలేసి మిగతావాళ్లను లెక్కపెడుతున్నాడు. ఏట్లో పోయినవాడి కోసం గట్టు మీద కూర్చుని అందరూ గొల్లుమంటారు. దారినపోయే మనిషెవరో వచ్చి, లెక్కపెట్టినవాడి భుజం తట్టి, ఆ పోయినవాడివి నువ్వేనని చెబితే గానీ ఏడుపు ఆగదు.

చిన్నప్పుడు ఈ కథకు పడీ పడీ నవ్వాం. పెద్దయ్యాక తైత్తిరీయోపనిషత్తుకు శంకరాచార్యులు రాసిన భాష్యం తిరగేస్తుంటే, ఆనందవల్లి మొదట్లోనే ఈ లెక్క ఎదురై ఆశ్చర్యపోయాను. అక్కడ మనుషులు పదిమంది. పదోవాడు తానేనని తెలియక, తొమ్మిదిమందిని చూసి, పదోవాడు లేడనుకునే మనిషి శంకరులకు దృష్టాంతం. బ్రహ్మం మనకన్నా వేరుగా ఎక్కడో లేనప్పుడు, దాన్ని 'పొందడం' అంటే ఏమిటన్న చిక్కు ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అది. పదోవాడు కొత్తగా ఎక్కడి నుంచో రాడు. ఏట్లోంచి తేలడు. లెక్క సరిపోతుంది, అంతే.

14వ శతాబ్దంలో విద్యారణ్యులు పంచదశిలో ఈ పదోవాణ్ణే మళ్లీ పిలిచి, అతని కథను ఏడు దశలుగా విప్పారు. తెలియకపోవడం, లేడనుకోవడం, ఏడవడం, ఉన్నాడని ఎవరో చెబితే నమ్మడం, నేనేనని తెలుసుకోవడం, ఏడుపు ఆగడం, చివరికి తృప్తి. నవ్వుల కథలో గురువుగారికి పరమానందయ్య అని పేరు పెట్టిన మన పెద్దలకు ఈ సంగతంతా తెలియదని నేననుకోను.

ఆనందం అన్న మాట ఇవాళ బాగా పలచబడింది. హోటల్ బోర్డు మీదా, అపార్ట్‌మెంట్ గేటు మీదా, యోగా శిబిరం కరపత్రం మీదా అదే మాట. సంతోషం, సరదా, హాయి అన్నీ దాని కిందే జమ అవుతున్నాయి. ఉపనిషత్తు అంత ఉదారంగా వాడలేదు. ఇష్టమైనదాన్ని చూడగానే కలిగేది ప్రియం. అది చేతికందితే కలిగేది మోదం. అదే పొంగి పొర్లితే ప్రమోదం. ఈ మూడింటిలోనూ అంతర్లీనంగా ఉండేది ఆనందం. మొదటి మూడూ వస్తాయి, పోతాయి. నాలుగోది వచ్చేదీ పోయేదీ కాదని, అది మన లోపలి మనిషి స్వభావమేనని వేదాంతం చెప్పే మాట. అది నిజమా కాదా అని నిక్కచ్చిగా పరీక్షించి చూసిన ఒక కుర్రవాడి కథ ఆ ఉపనిషత్తులోనే ఉంది.

కొడుకు, తండ్రి, ఐదు ప్రయాణాలు

తైత్తిరీయం మనకు పరాయి గ్రంథం కాదు. తెలుగునాట వేదం చదువుకున్న కుటుంబాల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దేవుడిగా చూడమని బడిలో పిల్లలకు నేర్పే మాట ఈ ఉపనిషత్తులోని శీక్షావల్లిలోదే. దాని తర్వాత ఆనందవల్లి, ఆ తర్వాత భృగువల్లి.

భృగువు వరుణుడి కొడుకు. తండ్రి దగ్గరికి వెళ్లి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమన్నాడు. వరుణుడు జవాబు చెప్పలేదు. గుర్తు మాత్రం చెప్పాడు. ప్రాణులన్నీ దేనిలోంచి పుడతాయో, దేనివల్ల బతుకుతాయో, చివరికి దేనిలోకి చేరతాయో, అది. తపస్సు చేసి నువ్వే తెలుసుకో అన్నాడు. ఇక్కడ తపస్సంటే ఒంటికాలి మీద నిలబడటం కాదు. మనసునూ ఇంద్రియాలనూ ఒకచోట నిలపడమే అన్నింటికన్నా గొప్ప తపస్సని శంకరుల వివరణ.

భృగువు వెళ్లి ఆలోచించాడు. మొదట తేలింది అన్నం. నిజమే కదా. తిండిలోంచే ఒళ్లు పుడుతోంది, తిండితోనే నిలుస్తోంది, చివరికి ఏదో ఒక ప్రాణికి తిండిగానే మట్టిలో కలుస్తోంది. గుర్తు మూడు విధాలా సరిపోయింది. అయినా మనసు కుదుటపడలేదు. మళ్లీ తండ్రి దగ్గరికి వచ్చాడు. తండ్రి తప్పనలేదు, ఒప్పనలేదు. మళ్లీ తపస్సు చేయమన్నాడు. ఈసారి ప్రాణం తేలింది. మళ్లీ వచ్చాడు. తర్వాత మనసు. మళ్లీ వచ్చాడు. తర్వాత విజ్ఞానం, అంటే ఇది ఇదీ అని తేల్చే బుద్ధి. మళ్లీ వచ్చాడు. ఐదోసారి తపస్సులో ఆనందం తేలింది.

ఈసారి రాలేదు.

నాకు ఈ కథలో అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇదే. భృగువుకు ఆనందం ఎలా ఉందో ఉపనిషత్తు వర్ణించదు. కళ్లు మూతపడ్డాయనీ, వెలుగు కనిపించిందనీ, ఒళ్లు పులకరించిందనీ చెప్పదు. ప్రతిసారీ తండ్రి దగ్గరికి నడిచి వచ్చిన కుర్రవాడు ఈసారి రాలేదు. అడగడానికి ఏమీ మిగలలేదు. ఇంతకన్నా గట్టి రుజువు ఏ వర్ణనతో వస్తుంది? వరుణుడి పాత్ర కూడా గమనించదగ్గది. కొడుకు నాలుగుసార్లు సగం జవాబుతో వచ్చినా విసుక్కోలేదు, తన జవాబు అందించి ఆ వెతుకులాటను ముగించలేదు. పిల్లల లెక్కల పుస్తకంలో జవాబు మనమే రాసిపెట్టే ఈ రోజుల్లో ఆ తండ్రి ఓపిక చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ ఐదింటినే ఆనందవల్లి ఒకదానిలో ఒకటి ఇమిడిన ఐదు పొరలుగా చూపిస్తుంది. పంచకోశాలు అంటున్నది వీటినే. ప్రతి పొరనూ ఒక పక్షిగా ఊహించమంటుంది. తల, రెండు రెక్కలు, నడుము, తోక. చివరి పక్షి ఆనందమయం. దానికి తల ప్రియం, కుడి రెక్క మోదం, ఎడమ రెక్క ప్రమోదం, నడుము ఆనందం. తోక బ్రహ్మం. ఈ తోక దగ్గరే తర్వాత వెయ్యేళ్ల వాదం పుట్టింది. దాని సంగతి కాసేపట్లో.

పక్కన ఇరవై సున్నాలు

ఆనందాన్ని కొలవవచ్చా? ఆనందవల్లి కొలిచి చూపించింది. ముందు కొలమానం నిర్ణయించుకుంది. మంచి వయసు, మంచి నడత, చదువు, చురుకుదనం, దృఢత్వం, బలం ఉన్న మనిషి ఒకడు. భూమండలమంతా సిరిసంపదలతో నిండి, అదంతా అతనిదే. అలాంటివాడి సుఖం ఒక మానుషానందం. అక్కడి నుంచి మెట్టు మెట్టుకూ వంద రెట్లు. మనుష్య గంధర్వులు, దేవ గంధర్వులు, పితృదేవతలు, పుట్టుకతో దేవతలైనవాళ్లు, కర్మతో దేవతలైనవాళ్లు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, చివరికి బ్రహ్మ. పది మెట్లు. లెక్క వేస్తే ఒకటి పక్కన 20 సున్నాలు.

ఈ పెద్ద సంఖ్య చూసి ఆగిపోతే అసలు మాట జారిపోతుంది. మనిషి మెట్టు దాటాక ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు ఒక మనిషిని తెచ్చి నిలబెడుతుంది. వేదం తెలిసినవాడు, అకామహతుడు. ఆ మెట్టు మీది ఆనందం ఎంతో అతని ఆనందమూ అంతేనంటుంది. ఇంద్రుడి దగ్గరా అతనే, ప్రజాపతి దగ్గరా అతనే, బ్రహ్మ దగ్గరా అతనే. అతనికి రాజ్యం లేదు, భూమి లేదు. అకామహతుడంటే కోరిక దెబ్బ తగలనివాడు. కోరికను పాపమనో మలినమనో అనకుండా దెబ్బ అన్న ఆ మాటను నేను చాలాకాలం మోస్తూ తిరిగాను. దెబ్బ తగిలిన చోటే మనసంతా ఉంటుంది కదా. కాలి వేలికి రాయి తగిలితే ఆ పూటంతా మనిషి వేలి దగ్గరే ఉంటాడు. వచ్చే నెల జీతం పెంపు కోసమో, అవతలివాళ్ల ఇల్లులాంటి ఇంటి కోసమో నలిగే మనసూ అంతే.

మా అమ్మమ్మ చెవి కమ్మ పోయిన రోజు నాకు ఇక్కడ గుర్తొస్తుంది. శీల ఎక్కడో వదులైంది. నూతి పళ్లెం దగ్గర, పెరట్లో, పొయ్యిలోని బూడిదలో కూడా వెతికాం. సాయంత్రానికి ఇల్లంతా ఏడుపు ముఖాలు. దీపాలు పెట్టే వేళ ఆవిడ బొడ్లో దోపిన కొంగు లాగి దులిపితే, టంగుమని నేల మీద పడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆవిడ దాన్ని వెంటనే చెవికి పెట్టుకోలేదు. అరచేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. ముఖంలో అంతటి నిండుదనం నేను పండగనాడు కూడా చూడలేదు.

ముందురోజు అదే కమ్మ అదే చెవికి ఉంది. అప్పుడు ఆ నిండుదనం లేదు. కొత్తగా చేరిన బంగారం గురిగింజ ఎత్తు కూడా లేదు. మరి ఆ సుఖం ఎక్కడిది? పంచదశిలో చివరి ఐదు ప్రకరణాలూ ఆనందం గురించే. ఆఖరిదాని పేరు విషయానందం. కోరినది దొరికిన క్షణంలో మనసు వెతుకులాట ఆపి నిమ్మళిస్తుందని, అలా నిమ్మళించిన మనసులో ఆత్మానందం నీడ పడుతుందని విద్యారణ్యుల వివరణ. తేటనీటిలో చంద్రుడు తేటగా, బురదనీటిలో మసకగా కనిపించినట్టు. వస్తువు వల్ల వచ్చిందనుకుని మనం వస్తువు వెంట పడతాం. ఆ రోజు గడప మీద కూర్చున్న అమ్మమ్మకు ఆ ఘడియ సుఖం ఇచ్చింది బంగారం కాదు, వెతుకులాట ఆగిపోవడం. పుస్తకం చదవకముందే నేను ఆ ముఖం చూశాను కాబట్టి ఈ మాట నమ్ముతున్నాను.

బృహదారణ్యకంలో మైత్రేయికి ఈ సంగతి ముందే తెలుసు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్తూ, ఉన్నదాన్ని ఇద్దరు భార్యలకూ పంచబోయాడు. ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. భూమండలమంతా ధనంతో నిండి నాదైతే నేను చావును దాటతానా అని. గమనించండి, తైత్తిరీయం ఒక మానుషానందానికి పెట్టిన కొలమానమే ఇది. దాటవని భర్త నిజాయితీగా చెప్పాడు. అయితే అది నాకెందుకు, మీకు తెలిసింది చెప్పండి అంది. అప్పుడు ఆయన చెప్పిన మాట చాలామందికి కటువుగా వినిపిస్తుంది. భర్తయినా, భార్యయినా, బిడ్డలైనా, డబ్బయినా మనకు ఇష్టమయ్యేది ఆత్మ కోసమేనని. ఇది స్వార్థమని కొందరు కొట్టిపారేస్తారు. అది పొరపాటు. ఇక్కడ ఆత్మంటే మన పేరూ ఊరూ పట్టుకుని తిరిగే అహంకారం కాదు. భార్యలోనూ బిడ్డలోనూ ఉన్నది అదే. ఎదుటివాళ్లను ప్రేమించిన ప్రతిసారీ మనం తెలియకుండా ముట్టుకుంటున్నది దాన్నేనని ఆయన చెబుతున్నాడు.

తోక మీద వాదం

ఇక పక్షి తోక. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలోనే ఆనందమయాధికరణం ఉంది. ఆనందమయుడంటే బ్రహ్మమేనా కాదా అన్నది చర్చ. రామానుజులు అవునన్నారు. 'మయ' అంటే సమృద్ధి, ఆనందం నిండుగా ఉన్నవాడు, పరమాత్మ. శంకరులు సూత్రానికి తగ్గ అర్థం ముందు చెప్పి, ఆపైన తన సందేహం బయటపెట్టారు. అన్నమయం, ప్రాణమయం అన్నప్పుడు పొర అని అర్థం చెప్పి, ఐదోదాని దగ్గర మాత్రం అర్థం మార్చడమెలా? అదీ ఒక పొరే. తోకగా, ఆధారంగా చెప్పిన బ్రహ్మమే అసలు వస్తువు. అంటే ధ్యానంలో కలిగే గొప్ప సుఖం కూడా పొరేనన్నమాట. దాన్ని పట్టుకుని వేలాడితే అక్కడే ఆగిపోతాం.

మధ్వాచార్యులు మూడో దారి పట్టారు. ఆనందమయుడు విష్ణువే. జీవుడు ఎప్పటికీ ఆయన కాడు. మోక్షంలో కూడా ఒక్కొక్క జీవుడి ఆనందం ఒక్కొక్క కొలత. ఉపనిషత్తులోని మెట్లను ఆయన ఉన్నవి ఉన్నట్టుగా తీసుకున్నారు. చెంబు నిండినా, కడవ నిండినా నిండుదనమే కదా. మంత్రాలయం వెళ్లే లక్షల తెలుగువాళ్లు దండం పెట్టే రాఘవేంద్రస్వామి ఈ పరంపరవారే.

న్యాయశాస్త్రంవారు వీళ్లందరితోనూ విభేదించారు. మోక్షమంటే దుఃఖం లేకపోవడమే, అక్కడ వేరే ఆనందమేమీ లేదన్నారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. ఏళ్ల తరబడి మంచాన పడ్డ మనిషికి సేవ చేసినవాళ్లను అడగండి. నొప్పి లేని ఒక్క రాత్రి చాలంటారు. కానీ నొప్పి లేని ఆ రాత్రి నిద్రపోయి లేచిన మనిషి 'నొప్పి లేదు' అని ఊరుకోడు, 'హాయిగా నిద్రపట్టింది' అంటాడు. ఆ హాయి ఏమిటన్నదే వేదాంతి ప్రశ్న. నా మొగ్గు ఆ ప్రశ్న వైపే.

ఛాందోగ్యంలో ఇంద్రుడు కూడా ఈ నిద్ర దగ్గరే ఆగాడు. ప్రజాపతి దగ్గర ఆత్మవిద్య కోసం విరోచనుడితో కలిసి 32 ఏళ్లు ఉన్నాడు. విరోచనుడు ఒంటినే ఆత్మ అనుకుని సంబరంగా ఇంటికెళ్లిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో వెనక్కి తిరిగాడు. మళ్లీ 32, మళ్లీ 32. గాఢనిద్రలో ఉండేదే ఆత్మ అని చెబితే, అక్కడ నేనున్నానన్న ఎరుక కూడా లేదు, అది నాశనంతో సమానం కదా అని నిలదీశాడు. ఇంకో ఐదేళ్లు ఉండమన్నారు. మొత్తం 101 ఏళ్లు. నమ్మలేని మాటను నమ్మినట్టు నటించనివాడికే అక్కడ చదువు దక్కింది.

మదురైలో ఓ మేడగది

1896 జూలైలో మదురైలో చిన్నాన్న ఇంటి మేడగదిలో 16 ఏళ్ల వేంకటరమణ అనే కుర్రవాడికి ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. జబ్బేమీ లేదు. ఎవరినీ పిలవలేదు. శవంలా కాళ్లూ చేతులూ చాపి పడుకుని, చచ్చిపోతున్నది ఎవరని చూశాడు. ఒళ్లు పోయినా చూస్తున్నది పోదని తేలింది. అప్పటికి అతను ఉపనిషత్తులు చదవలేదు. సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి, 1950 ఏప్రిల్ 14న దేహం వదిలేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయనకు భగవాన్ రమణ మహర్షి అని 1907లో పేరు పెట్టినవాడు తెలుగువాడు, బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని.

గాఢనిద్రనే రమణులు అందరికీ అందే ఉదాహరణగా చూపేవారు. నిద్రలో డబ్బు లేదు, బంధువులు లేరు, ఒళ్లే లేదు. అయినా రోజూ అందరూ ఆ సుఖం కావాలనుకుంటారు. కాబట్టి సుఖం వస్తువులది కాదు. ఇంద్రుడి అభ్యంతరానికి ఆయన జవాబు ఆ నిద్ర చాలదని. మెలకువలోనే 'నేనెవరు' అని మూలం దాకా పోవాలని. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న సూరి నాగమ్మగారు 1945 నుంచి ఆశ్రమం కబుర్లను అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. ఆ తెలుగు లేఖల్లో మహర్షి ఉపన్యాసం ఇచ్చే గురువులా కాక, ఇంటి పెద్దలా కనిపిస్తారు. 'మైదానం' రాసి తెలుగు సమాజాన్ని కుదిపేసిన చలం 1950లో అరుణాచలం చేరి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. స్వేచ్ఛ కోసం వెతికిన మనిషి ఆ వెతుకులాటనే ఇంకా లోపలికి తీసుకెళ్లారని నేను చదువుకుంటాను. ఓడిపోయి వెళ్లారనేవాళ్లతో నేను ఏకీభవించను.

సీతమ్మగారి వంటిల్లు

ఇదంతా లోపలికి పోయే దారి అయితే, బయట ఆకలితో ఉన్నవాడి మాటేమిటి? ఆత్మానందం గురించి మాట్లాడేవాళ్లను ఈ ప్రశ్న అడగాల్సిందే. అడిగేవాళ్లంటే నాకు గౌరవం. తన పొరల్లో తాను మునిగి, గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూడనివాడికి తెలిసింది ఆనందం కాదు.

కోనసీమలో లంకల గన్నవరం అనే ఊరుంది. 1841లో పుట్టి 1909లో పోయిన డొక్కా సీతమ్మగారు ఆ ఊళ్లో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టారు. గోదావరి దాటి వచ్చే బాటసారులకు కులం అడగలేదు, వేళ చూడలేదు. ఆవిడ గురించి ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఎన్నాళ్లనుంచో అనుకుని, ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఒక చెట్టు కింద పెళ్లివారెవరో ఆగి, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారి ఇంటికి వెళ్తే అన్నం పెడుతుందని ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట.

ఆవిడ పంచకోశాలు చదివారో లేదో తెలియాల్సిన పని లేదు. మా అమ్మమ్మా చదవలేదు. విస్తరి పక్కన పడ్డ మెతుకును వేలితో అద్ది ఏరి కళ్లకద్దుకునేది, కాలు తగలనిచ్చేది కాదు. అన్నం దగ్గర ఆగిపోతే చాలదని భృగువుకు తెలిసింది నిజమే. ఆ పై మెట్లు ఎక్కాక అన్నం చిన్నదైపోయిందా? ఉపనిషత్తు అలా అనదు. ఆనందం తెలిసిన వెంటనే అన్నాన్ని నిందించవద్దనీ, పారేయవద్దనీ, విస్తారంగా పండించమనీ, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనవద్దనీ వ్రతాలు చెబుతుంది. అన్నీ తెలిసినవాడు చివర్లో తానే అన్నమనీ, అన్నం తినేవాడూ తానేననీ ఆశ్చర్యంతో పాడుతూ లోకాలన్నీ తిరుగుతాడు.

భృగువల్లిలో మొత్తం పది అనువాకాలు. భృగువుకు ఆనందం తెలిసింది ఆరోదానిలో. మిగిలిన నాలుగింటిలోనూ ఉన్నది అన్నం.